హన్నా టీచర్ ఉపవాసం

ఆదివారం చర్చిలో ప్రేమవిందు భోజనాల దగ్గర హన్నా టీచర్ బిర్యానీ ప్లేటు వద్దంది.

వింతే మరి! నూట ఇరవై ఆరు కిలోల మనిషి బిర్యానీ వద్దంటే తిరువూరులో ఎవరు నమ్ముతారు?

"ఏంటక్కా, ఒంట్లో బాలేదా?" వడ్డిస్తున్న ప్రేమకుమారి గరిటె ఆపేసింది.

అసలు సంగతి వేరు. రెండు వారాల్లో విజయవాడలో హన్నాకి బరువు తగ్గే ఆపరేషన్. కడుపులో సంచిని కోసి చిన్నది చేస్తారట. ఈలోగా కాలేయానికి పట్టిన కొవ్వు కాస్త తగ్గాలి కాబట్టి పధ్నాలుగు రోజులు పళ్ళకి పని చెప్పొద్దన్నాడు డాక్టరు. పూటపూటా పాలల్లో కలుపుకునే పొడి, పల్చటి మజ్జిగ, చారు నీళ్ళు. అంతే.

భర్త ప్రేమ్ కిరణ్‌కి తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే ఇంకేమైనా ఉందా! నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటోంది అనరూ? స్కూల్లో పిల్లలు వెనకాల పెట్టిన పేర్లే చాలు ఆమెకి.

"ఉపవాసం," అనేసింది హన్నా.

"ఎన్ని రోజులక్కా?"

"రెండు వారాలు."

ఆ మాట అక్కడితో పోతుందనుకుంది. ఎక్కడ పోతుంది? పావుగంటలో పాస్టరుగారు మైకు పట్టుకున్నారు.

"మన హన్నా టీచర్ గారు సంఘం కోసం పధ్నాలుగు దినాల ఉపవాస ప్రార్థన మొదలుపెట్టారు. మీ మీ ప్రార్థన విషయాలు చీటీల మీద రాసి ఆమెకివ్వండి!"

హల్లెలూయా అన్నారందరూ. హన్నాకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి హ్యాండ్‌బ్యాగు నిండా చీటీలు. ప్రేమకుమారి కూతురికి కడుపు పండాలి. ఏబెల్‌కి టీచరు ఉద్యోగం రావాలి. ఎవరి నాన్నకో కిడ్నీలు బాగుపడాలి. నాలుగు చదివేసరికి ఐదోది విప్పలేకపోయింది. అన్నీ బీరువాలో చీరల కిందికి తోసేసింది.

మర్నాడు సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఒక ముసలామె. బక్క మనిషి, వేళ్ళ నిండా పత్తికాయలు గీరిన గాట్లు.

"వందనాలమ్మా. నా పేరు అక్కమ్మ, మాది వినగడప. ఉపవాసమున్న టీచరమ్మ మీరేనా?"

"ఆఁ, నేనే. చీటీ తెచ్చావా మామ్మా?"

అక్కమ్మ హన్నా ముఖంలోకి చూసింది. వెనక బల్ల మీదున్న గ్లాసు వైపు చూసింది.

"నాకు రాయడం రాదులేమ్మా. ఉంటా," అని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తలుపేసి అద్దంలో చూసుకుంటే ఏముంది? పై పెదవి మీద తెల్లటి పాల మీసం!

హన్నా గబగబా కొంగుతో మూతి తుడుచుకుంది.

"అయిపోయింది! ఆ ముసలిది ఊరంతా టముకు వేస్తుంది," అంది భర్తతో.

"పోనీ, నిజం చెప్పేయరాదూ?"

"నీకేం, సన్నగా ఉన్నావు, ఎన్నైనా చెప్తావు!" అంటూ బావురుమంది.

తర్వాతి ఆదివారం అక్కమ్మ బస్సెక్కి వినగడప నుంచి తిరువూరు చర్చికి వచ్చింది. నేరుగా హన్నా పక్కకే రాబోయింది. హన్నా చటుక్కున లేచి ముందు వరసలోకి వెళ్ళిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఆవిడకి మతి స్థిమితం లేదంట," అని ప్రేమకుమారి చెవిలో వేసింది హన్నా. "ఏదేదో వాగుతుందంట. ఏం చెప్పినా మీరెవరూ పట్టించుకోకండి."

ప్రేమకుమారి వెళ్ళి ముసలామెని జబ్బ పట్టుకుని బయట వరండాలో కూర్చోబెట్టింది. అక్కమ్మ ఆరాధన అయ్యేదాకా అక్కడే గోడకి ఆనుకుని కూర్చుంది. హన్నా పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేకపోయింది. తను చేసిన పని తనకే ఛీ అనిపించింది. అయినా వెళ్ళి పిలవలేదు.

పన్నెండో రోజు ప్రేమకుమారి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ మతిలేని మామ్మ లేదూ? పత్తిచేలో పడిపోయిందంట! ఇక్కడే ప్రభుత్వాసుపత్రిలో ఉంది. మీ పేరే కలవరిస్తోందంట."

హన్నా ఆటో ఎక్కింది. జాలితో కాదు, భయంతో. మగతలో ఆ ముసలామె ఏం వాగేస్తుందోనని భయం.

అక్కమ్మ చేతికి సెలైన్ పెట్టారు. నర్సు పాలు పట్టబోతే పెదాలు బిగబట్టి తల అడ్డంగా ఊపుతోంది.

"ఇంకో రెండ్రోజులాగండమ్మా," అంటోంది.

కొడుకు జోజిబాబు మంచం పక్కన నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా వాచిపోయాయి.

"పది రోజుల్నుంచీ ఇదే వరసండీ. పగలంతా ఎండలో పత్తి తీస్తది, మంచినీళ్ళు తప్ప ముట్టదు. రాత్రికి గుక్కెడు గంజి. ఎందుకమ్మా అంటే చెప్పదు. గుండె బాగా నీరసించిపోయింది, బెజవాడ తీసుకెళ్ళమంటున్నారండి." అంబులెన్సు వచ్చిందేమో చూడటానికి అతను బయటికి వెళ్ళాడు.

హన్నా వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"మామ్మా, నా సంగతి ఎవరికైనా చెప్పావా?"

అడిగాక గానీ తెలియలేదు, తను ఏం అడిగిందో. ప్రాణం మీదికొచ్చిన మనిషిని అడగాల్సిన మాటేనా అది? చచ్చేంత సిగ్గేసింది.

అక్కమ్మ కళ్ళు తెరిచింది. లేదన్నట్టు తల ఊపింది.

"క్షమించు మామ్మా. నాది ఉపవాసం కాదు. నేను..."

"మీ ఇంటికొచ్చిన పూటే తెలిసిందిలేమ్మా," అంది అక్కమ్మ, వినీ వినపడకుండా. "మీ అవస్థ మీది, నేనేం తప్పు పట్టలా. కానీ పాపం, అంతమంది నమ్మి చీటీలిచ్చారు గదా, అయ్యి ఉత్తవైపోగూడదని, మీ ఉపవాసం ఆ రోజు నుంచీ నేనుంటన్నా."