ముందు చక్రాలు

బండి పోయింది. దొంగెవరో చెప్పడానికి బావకు క్షణం కూడా పట్టలేదు.

"ఇంకెవడు మేడమ్? వీడే!" అంటూ ఇన్‌స్పెక్టరమ్మ ముందు బామ్మర్దిని వేలుపెట్టి చూపించాడు. "షెడ్డు తాళం పగల్లేదు. బండి తాళంచెవి వంటింట్లో మేకుకి ఉంటుంది, బయటివాడికి తెలిసే అవకాశమే లేదు. మా ఆవిడ ఊళ్ళో లేదు, నేను బజారుకెళ్ళాను. ఇంట్లో ఉన్నది వీడొక్కడే. పట్టపగలు నిద్రపోయాడట!"

"నిజంగానే నిద్రపోయాను బావా," అన్నాడు బామ్మర్ది.

"ఆ ఇంజిను మోత పక్క వీధికి వినిపిస్తుంది. నీకు వినపడలేదూ?"

"రోజూ వినే మోతే కదా. నువ్వే ఏదో బాగుచేస్తున్నావనుకుని అటు తిరిగి పడుకున్నా."

ఇలాంటి జవాబు చెప్పేవాణ్ణి ఎవరు నమ్ముతారు? అక్క ఇంట్లో మూడు పూటలా తిని, పూచికపుల్ల అటుది ఇటు పెట్టని ఘనుడు. ఉద్యోగం వెతుకుతున్నానంటాడు, మంచం దిగకుండా ఎక్కడ వెతుకుతాడో ఆ దేవుడికే తెలియాలి. పైగా ఆ ఇంట్లో సగం వాటాదారు కూడాను. వాళ్ళ నాన్న పోతూపోతూ ఇల్లు అక్కాతమ్ముళ్ళిద్దరి పేరునా రాసిపోయాడు మరి.

ఇక బావ. ఒళ్ళు దాచుకునే రకం కాదు. పాత ఇనుము కొట్టుకి పోవలసిన వ్యాను, నాలుగు చక్రాలకీ ఇంజిను బలం అందే పాతకాలపు మొండి బండి, దాన్ని తెచ్చి పెరట్లో పెట్టుకున్నాడు. తుప్పు కోసి పారేసి కొత్త రేకు వెల్డింగు చేశాడు. లోపల మడత మంచం, చిన్న సింకు, బుల్లి ఫ్రిజ్జు, వాటికోసం వేరే బ్యాటరీ, పైన సోలారు పలకలు. అన్నీ తన చేత్తోనే. చేసినంతసేపూ తన గొప్ప తనే చెప్పుకునేవాడనుకోండి, అది వేరే సంగతి.

బామ్మర్ది టీ గ్లాసుతో గడపలో కూర్చుని, "బావా, దీన్ని కదిలించాలంటే నలుగురు మోయాల్సిందే," అనేవాడు.

దగ్గరికొస్తే బావ కసిరేవాడు. "ముట్టుకోకురా! చేతకాని చెయ్యి తగిలితే ఉన్నది కూడా ఊడిపోతుంది."

ఇప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ వెళ్ళగానే బావ పెద్దమనసు చేసుకున్నాడు. "వీణ్ణి జైలుకి పంపాలని నాకేం సరదా? తన వాటా నీ పేరున రాసేసి ఇల్లు వదిలి పొమ్మను. కేసు వెనక్కి తీసుకుంటా," అన్నాడు కబురందుకుని ఊరినుంచి పరుగున వచ్చిన భార్యతో.

ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నువ్వు తియ్యలేదని నా మీద ఒట్టేసి చెప్పరా."

"నీ మీద ఒట్టక్కా, నేను తియ్యలేదు. అయినా బావ అంత గట్టిగా చెప్తుంటే నా మాట ఎవరు వింటారు? రాసిచ్చేస్తాలే," అన్నాడు వాడు. మొదటిసారి వాడికి నిద్ర పట్టలేదు.

మర్నాడు బండి దొరికింది. ఊరి బయట వాగు దాటాక, పాడుబడ్డ ఇటుక బట్టీ వెనకాల, మోకాలి లోతు బురదలో ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ పొద్దున్నే వెళ్ళి చూసి, బావా బామ్మర్దులిద్దరినీ అక్కడికి పిలిపించింది.

"ముందు బండి బయటికి తియ్యాలి," అని బండిలోనే దొరికిన తాళంచెవి బామ్మర్ది చేతిలో పెట్టింది. "నువ్వే తియ్యి. అక్క కారు నడుపుతావట కదా?"

వాడు భయంభయంగా ఎక్కాడు. గేరు పక్కన '4' అని రాసున్న రెండో కర్ర ఏదో కనిపిస్తే అదీ లాగాడు. గట్టిగా తొక్కాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ముందు చక్రాలు మాత్రం ససేమిరా అన్నాయి. బురదంతా లేచి బావ ఇస్త్రీ చొక్కా మీద పడింది.

"దిగరా శుంఠా! దిగు!" బావకి తిక్క రేగింది. బురదలోకి దిగి, ముందు చక్రాల మధ్యలో ఉన్న గుండ్రటి బిళ్ళల్ని రెండువైపులా చేత్తో టక్కుమని తిప్పాడు. ఎక్కి కూర్చుని, వెన్నలో వెంట్రుక తీసినట్టు బండిని గట్టుకి తెచ్చాడు.

"చూశారా మేడమ్! లోపల కర్ర లాగితే చాలనుకున్నాడు వెధవ. ఇంటి దగ్గర ఈ బిళ్ళల్ని ఎప్పుడూ ఫ్రీలోనే ఉంచుతా, బురదొస్తే ముందు కిందికి దిగి లాక్‌కి తిప్పాలి. లేకపోతే ముందు చక్రాలకి బలమే అందదు, ఈ బురదలో అంగుళం కదలదు. మా ఇంట్లో ఈ కిటుకు నాకు తప్ప ఇంకో పురుగుకి తెలీదు. మా ఆవిడ దీన్ని ఎక్కనే లేదు. వీడికా, డీజిలు ఎటు పోస్తారో కూడా తెలీదు!"

"నువ్వు ముట్టుకోనిస్తే కదా బావా తెలిసేది," అని గొణిగాడు బామ్మర్ది, కాళ్ళకంటిన బురద తుడుచుకుంటూ.

"నోర్ముయ్! మేడమ్, ఇంక వీణ్ణి తీసుకెళ్ళండి."

ఇన్‌స్పెక్టరమ్మ జీపు తలుపు తెరిచి పట్టుకుంది. బామ్మర్ది తల వంచుకుని అటు నడవబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"నువ్వు కాదయ్యా. మీరు ఎక్కండి సార్," అంది బావతో. "పొద్దున నేనొచ్చి చూసేసరికి ఆ రెండు బిళ్ళలూ లాక్‌లోనే ఉన్నాయి, మీరు వచ్చేలోపు ఫ్రీకి తిప్పి పెట్టింది నేనే."