ఎండల్లో స్వెట్టర్

“రావే నా పెళ్ళామా, బండెక్కు!” అంటూ వాకిట్లో కిరీటి హారన్ కొట్టాడు. మేనమామ వరసని ఎనిమిదేళ్ళ మోక్షితను ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. తమ్ముడి మాటకు సుస్మిత పకపకా నవ్వింది.

మోక్షిత కదల్లేదు.

“కంకిపాడులో అమ్మమ్మ ఎదురుచూస్తుంటే బిగుసుకుపోతావేం? నడు!” సాంబశివ కూతురి రెక్క పట్టుకుని లాగాడు. ఆటోనగర్‌లో తన మెకానిక్ షెడ్డు తెరిచే వేళ దాటిపోతోందని అతని తొందర.

చేతికి ఉన్ని తగిలింది.

“రోళ్ళు పగిలే ఎండలో స్వెట్టరేంటే, పిచ్చిమొహమా?”

పిల్ల అతని చెవిలో చెప్పింది. “మావయ్య నన్ను ముందు కూర్చోబెట్టుకుంటాడు నాన్నా. చెయ్యి తియ్యమంటే తియ్యడు. అమ్మకి చెబితే, మొగుడేగా అని నవ్వింది.”

సాంబశివ కూతురి రెక్క వదిలేశాడు. విసురుగా వాకిట్లోకి నడిచాడు.

“పిల్ల రాదు. నువ్వు కూడా మళ్ళీ ఈ గడప తొక్కకు.”

“అదేంటి బావా? వరసకి సరదాగా...”

“పోతావా, పానా తియ్యమంటావా?”

బండి కదిలింది. సుస్మిత భగ్గుమంది. “చిన్నపిల్ల మాట పట్టుకుని మా తమ్ముణ్ణి గెంటేస్తారా? ఇన్నాళ్ళూ మీరూ నవ్వారుగా!”

“నవ్వాను. నువ్వూ నవ్వావు, మీ అమ్మా నవ్వింది. అది నవ్వగా ఎప్పుడైనా చూశావా?”

సుస్మిత కూతురి వైపు చూసింది.

మోక్షిత వీధిలోకి తొంగిచూస్తోంది. బండి మలుపు తిరిగాక స్వెట్టర్ గుండీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని తీసి దండెం మీద వేసింది.