పేరు పెట్టి పిలిస్తే

జలపాతం దగ్గరికి చేరి టార్చి వెనక్కి తిప్పిన సీతారామలక్ష్మికి గుండె ఆగినంత పనైంది. దారంతా తన వెనకాలే నడిచింది భర్త కాదు, ఆయన స్నేహితుడు ఉదయభాస్కర్.

"అన్నయ్యగారూ, మీరా! మరి మా వారేరీ?"

"మీ ముందున్నారేమో అనుకున్నానమ్మా."

"నేను 'ఏమండీ' అన్నప్పుడల్లా 'ఆఁ' అన్నదీ..."

"నేనేనమ్మా," అన్నాడాయన నీళ్లు నములుతూ. "చీకట్లో మా దుర్గాశ్రీ పిలుస్తోందనుకున్నాను."

ధవళేశ్వరం ఆఫీసులో రిటైరైనవాళ్లంతా, భార్యలతో కలిసి, వెన్నెల్లో జలపాతం చూద్దామని మారేడుమిల్లి అడవిలోకి సరదాగా బయల్దేరారు. వెన్నెల దారిలోనే మబ్బుల పాలైంది. సరదా ఇప్పుడు ఆవిరైపోయింది. అందరూ ఒక్కసారిగా "మూర్తిగారూ!" అని అరిచారు. ఆ నీళ్ల హోరులో పక్కవాడి అరుపే వినబడలేదు. ఫోన్లకి సిగ్నల్ లేదు.

దారి చూపించడానికి వచ్చిన ఐజాక్ మాత్రం అరవలేదు. నేల మీద లైటు వేసి చూస్తున్నాడు.

"ఎలుగుబంటి తిరిగే చోటండి ఇది. మీరంతా ఇక్కడే గుంపుగా ఉండండి. నేనెళ్లి చూసొస్తాను."

"నేనూ వస్తాను," అంది సీతారామలక్ష్మి.

"రండమ్మగారూ. మీ గొంతైతే ఆయన ఇట్టే గుర్తుపడతారు."

ఇద్దరూ వచ్చిన దారినే వెనక్కి నడిచారు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఆకు కదిలినా ఎలుగే అనిపిస్తోంది. దానికి తోడు, నడక మొదలుపెట్టేముందు ఉదయభాస్కర్ చెప్పిన కబురొకటి ఆమె చెవుల్లో గింగురుమంటోంది. రాత్రిళ్లు అడవిలో మోహిని మగవాళ్లని పేరు పెట్టి పిలుస్తుందట. పలికినవాడు నేరుగా లోయలోకి నడిచిపోతాడట. అందరూ పగలబడి నవ్వారు. తన భర్త ఒక్కడే నవ్వలేదు, మఫ్లరు ఇంకాస్త బిగించుకున్నాడు. మోహిని సంగతి దేవుడెరుగు, అసలే షుగరు మనిషి, కళ్లు తిరిగి ఎక్కడ పడిపోయాడో!

మలుపు తిరిగాక నీళ్ల హోరు తగ్గింది. ఐజాక్ ఠక్కున ఆగాడు. లైటు వెలుగులో, లోయ అంచున, మట్టి జారిన చోట, ఒక చెప్పు. నిన్న రాజమండ్రిలో తనే దగ్గరుండి కొనిపించిన చెప్పు. సీతారామలక్ష్మి అంచు దాకా వెళ్లి కిందికి వంగింది.

"ఏమం..."

"అలా వద్దమ్మగారూ. ఆ పిలుపుతోనే కదా ఇంత ముప్పొచ్చింది. పేరు పెట్టి గట్టిగా పిలవండి."

ఇన్నేళ్ల కాపురంలో ఆ పేరు ఆమె నోట రాలేదు. ఆసుపత్రిలో అడిగినా పక్కవాళ్ల చేత చెప్పించేది. పేరు పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు తల్లి నూరిపోసింది. ఇప్పుడు పలక్కపోతే ఆ ఆయుష్షు ఈ రాత్రితోనే సరి అనిపించింది. లెంపలు వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పిలిచింది.

"గోపాలకృష్ణమూర్తీ!"

బొంగురుపోయిన ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. కొండ ఆ పేరుని తిరిగి పలికింది. ఆయన మాత్రం పలకలేదు. ఇంకోసారి పిలిచింది.

"గోపాలకృష్ణమూర్తీ! ఎక్కడున్నారూ?"

కింద పొద కదిలింది. ఏదో బరువైనది, రొప్పుతోంది.

"కదలకండి," అన్నాడు ఐజాక్ కర్ర బిగించి పట్టుకుని. మెల్లగా లైటు కిందికి దించాడు.

పొదలో, తలకి మఫ్లరు చుట్టుకుని, ఒంటి చెప్పుతో, కళ్లు మూసుకుని, చెవులు రెండూ గట్టిగా నొక్కుకుని, గోపాలకృష్ణమూర్తి గజగజ వణికిపోతున్నాడు.

"పో మోహినీ, పో! నేను పలకను గాక పలకను. మా ఆవిడ జన్మలో నన్ను పేరు పెట్టి పిలవలేదు!"