సరైన నలుపు

"ఇది నలుపా? తుప్పు పట్టిన రేకు మాదిరి ఉండాది," అంటూ నెహెమ్యా కార్డును బల్ల మీదికి విసిరాడు. వాళ్లమ్మ జ్ఞాపకార్థ కూడికకు ఆమె ఫొటోతో వేయిస్తున్న రంగుల కార్డు అది.

కల్లూరులో ప్రెస్సు నడిపే ఓబులేసు విసుగు దాచుకోలేదు. "మొకం తెల్లగా చెయ్‌మంటివి, చేస్తి. ఇంగా తెల్లగా అంటివి. మొకంతో పాటు జుట్టూ, చేతిలోని బైబిలు అట్ట కూడా వెలిసిపాయె."

"జుట్టు నల్లగా రావాల. మొకం మాత్రం తెల్లగానే ఉండాల. కూడికకు పెద్ద పెద్దోళ్లు వస్తాండారు."

చెల్లెలు కృపారాణి కార్డు అందుకుని చూసింది. "ఈమె ఎవురన్నా? ఎండలో మిరపకాయలు కోసినామె అయితే కాదు. ఈ దొరసాని కూడికకు నేనెందుకు రావాల?"

నెహెమ్యా కార్డు లాక్కుని అరచేత్తో బల్లకు అదిమిపెట్టాడు. "నువ్వు జుట్టు సరిచెయ్ ఓబులేసూ, చాలు."

కృపారాణి ఆ చేతి వైపు చూసింది. "ఓబులేసన్నా, అసలు ఫొటో మళ్లీ తెరువు. మాయమ్మ నలుపు ఎంతుండాల్నో తెలీకుంటే ఈ చెయ్యి పక్కన పెట్టి చూసుకో."

నెహెమ్యా చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"తియ్యొద్దప్పా," అన్నాడు ఓబులేసు. "రంగు చూస్తాండా."