డ్రూసీ అత్త బిస్కెట్ డబ్బా

"ఆ డబ్బా ఇటివ్వండి అత్తా. ఇవ్వకపోతే పోలీసులకి చెప్పాల్సొస్తుంది."

"చెప్పుకో. ఫోను ఆ గోడకే ఉంది," అంది డ్రూసీ అత్త, ఒళ్లో ఉన్న పాత బిస్కెట్ డబ్బాను అంగుళం కదపకుండా.

మందుల షాపు నడిపే బ్రెన్నా వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. సెయింట్ జాన్స్ పట్నం నుంచి ఈ చేపల రేవుకు వచ్చి ఏడాది కావస్తున్నా ఆ పిల్లకు ఇంకా తలుపు కొట్టి లోపలికి రావడమే అలవాటు. ఈ ఊళ్లో తలుపు కొట్టేది పోలీసులూ, పరాయివాళ్లూ మాత్రమే. ఆ చప్పుడుకే అత్తకు సగం ఒళ్లు మండింది.

బల్ల దగ్గర టీ తాగుతున్న హ్యూబర్ట్ తన మందు సీసాను గబుక్కున అరచేత్తో మూశాడు. భుజానికి ఆపరేషన్ చేసినప్పుడు ఇచ్చిన నొప్పి మాత్రలవి. సగం మిగిలిపోయాయి. ఎవరింట్లో మందులు మిగిలినా తెచ్చి అత్త డబ్బాలో వేయడం ఊరి ఆనవాయితీ. ఎప్పుడో ఎవరికో పనికొస్తాయని. పారేయడమన్నది ఈ రేవులో పుట్టినవాళ్లకు చేతకాదు. చిరిగిన వలను కోళ్ల గూటికి చుడతారు, పగిలిన పడవలో బంగాళాదుంపలు పండిస్తారు.

"హ్యూబర్ట్ బాబాయ్, అవి నాకివ్వండి," అంది బ్రెన్నా. "షాపులో తలుపు పక్కనే పెట్టె పెట్టాం కదా. అందులో పడేస్తే చాలు. ఎవరూ ఏమీ అడగరు. ఊరు దాటించి కాల్చేస్తారు."

"కాల్చేస్తారా?" హ్యూబర్ట్ నిజంగానే నొచ్చుకున్నాడు. "నిక్షేపంలాంటి మాత్రల్నా? మా అమ్మకి తెలిస్తే సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలేస్తుంది."

"ఒకరికి రాసిన మందు ఇంకొకరికి విషం బాబాయ్. పక్క రేవులో ఆ పిల్ల అరలోంచి ఇలాంటివే తీసి మింగి చచ్చిపోలేదూ?"

ఆ పిల్ల అందరికీ తెలుసు. అత్తకు ఇంకా బాగా తెలుసు. ఆ పిల్ల బాప్తిస్మానికి గౌను కుట్టింది ఆవిడే.

"నీ పెట్టె నిండటం లేదనా నీ ఏడుపు?" అంది అత్త.

"నిండుతోంది. వేసవి నుంచి వారం వారం నిండుతూనే ఉంది. రొట్టె సంచుల్లో మూటలు కట్టి మరీ వేసిపోతున్నారు. ఊరు మారింది అత్తా. మారనిది మీరొక్కరే. తాళం కూడా వెయ్యని ఇంట్లో ఇన్ని మాత్రలు పెట్టుకుని కూచున్నారు. రేపు ఇంకో పిల్ల పోతే ఆ పాపం ఎవరిది?"

"ఏయ్, అత్తనట్టా అనబాక," అన్నాడు హ్యూబర్ట్. "ఆ డబ్బాలోంచి ఒక్క మాత్ర బయటికి రావడం నేనింతవరకూ చూళ్లేదు. ఈ ఆపరేషన్‌కి ముందు నడుం పట్టేసి ఒక్కటిమ్మని కాళ్లా వేళ్లా పడితే, ఇంత బఠాణీ సూపు పోసి, కారెక్కించి డాక్టరు దగ్గర దింపొచ్చింది. పుచ్చుకోవడమే గానీ ఇవ్వడం తెలీదు. అంత పిసినారి."

"నీబోటి వాడికిస్తే ఇంకేమన్నా ఉందిట్రా? ఇటు పడేయ్."

అత్త మూత కొంచెమే ఎత్తి, హ్యూబర్ట్ సీసాను లోపలికి జారవిడిచి, మూత గట్టిగా నొక్కేసింది. తర్వాత బ్రెన్నా కళ్లలోకి సూటిగా చూస్తూ డబ్బాను గలగలలాడించింది. అది నిండుగా మోగింది.

"విన్నావా అమ్మాయ్? నాకిచ్చింది నేనే చూసుకుంటాను. నువ్వూ, నీ పెట్టే, నీ పోలీసులూ కట్టగట్టుకుని వచ్చినా సరే."

"అదీ మా అత్త," అన్నాడు హ్యూబర్ట్. మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి, విజయగర్వంతో టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

బ్రెన్నా ముఖం ఎర్రగా కందిపోయింది. ఈ ముసలామెను కటకటాల వెనక చూడాలని ఆమెకేం లేదు. కానీ ఇంకో పిల్లను శవపేటికలో చూడటం తన వల్ల కాదు. విసవిసా లోపలికొచ్చి ఫోను తీసింది.

అత్త ఆ వైపే చూడలేదు. కిటికీ తెర పక్కకు తీసి, హ్యూబర్ట్ చర్చి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూసింది. అప్పుడు డబ్బాను బల్ల మీదుగా బ్రెన్నా ముందుకు తోసింది.

"ఫోను పెట్టేసి ఇది తెరువు."

బ్రెన్నా తెరిచింది. పైన హ్యూబర్ట్ సీసా. దాని కింద గుండీలు. గౌన్ల గుండీలు, కోట్ల గుండీలు, తెల్లవి, నల్లవి. చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికింది. ఒక్క మాత్ర లేదు.

"మరి... ఊళ్లోవాళ్లు ఇచ్చిన మాత్రలేవి?"

అత్త హ్యూబర్ట్ సీసాను బయటికి తీసింది. పొయ్యి పక్కన మేకుకు తగిలించిన ఖాళీ రొట్టె సంచి అందుకుని, మాత్రలన్నీ అందులోకి ఒంపి, మూతి బిగించి ముడి వేసి, బ్రెన్నా చేతిలో పెట్టింది.

"కాల్చడానికి అంటే వీళ్లలో ఒక్కడూ ఇవ్వడు. దాచడానికి అంటే అందరూ ఇస్తారు. ఈ సంగతి నా గడప దాటిందా, మళ్లీ అన్నీ అరల్లోకే పోతాయి. నోరు కుట్టేసుకో."

బ్రెన్నా తల ఊపింది.

"ఇంకో మాట," అంది అత్త కోపంగా. "మాత్రలు తగలేస్తే తగలెయ్యి గానీ, వేసవి నుంచి వారం వారం వేస్తున్నాను, నా రొట్టె సంచి ఒక్కటైనా వెనక్కిచ్చావా నువ్వు?"