పత్తి ఒడి

“చీర ఇంకొంచెం కిందికి దించల్ల,” అన్నాడు సుధీర్, కెమెరా వెనక నుంచి.

పత్తిచేలో నిలబడిన శివజ్యోతి కదల్లేదు. గట్టు మీద కూచున్న వాళ్లవ్వ భీమక్క వైపు చూసింది.

భీమక్క వక్కాకు పక్కకు ఊసి లేచింది.

“ఇంకెంత కిందికప్పా? ఆ కింద నేలే ఉండాది!”

లైట్లు పట్టుకున్నవాళ్లు గొల్లున నవ్వారు. సుధీర్ నవ్వలేదు. వానికి కర్నూలులో ఒక యూట్యూబ్ చానెల్ ఉంది. పల్లె పాటలు వీడియోలు తీసి పెడతాడు. ఈ పత్తి పాట పాడిందీ శివజ్యోతే, ఆడేదీ శివజ్యోతే.

“అవ్వా, పాట నాలుగూళ్లు తిరగల్లంటే ఇట్లనే ఉండల్ల. ఉత్త మొగం చూసేకి ఎవరొస్తారు?”

“ముందే చెప్పినా కదప్పా. నా మనవరాలి మొగం కనపడల్ల. మొగం లేని ఆట మాకొద్దు.”

ఆమె అంత పట్టు పట్టడానికి కారణం ఉంది.

చాలా ఏండ్ల కిందట ఇట్లాంటిదే ఒక పాట వచ్చింది. పెండ్లి ఊరేగింపులో అదే, టీ అంగట్లో అదే, ఆటోల్లో అదే. పాటంతా ఒక నడుమే ఊగుతుంది. ఆ నడుము మీద పక్కపక్కనే మూడు నల్లటి గీతలు. కుర్రాళ్లు అవేవో టాటూలనుకుని తామూ పొడిపించుకున్నారు. భీమక్కకు మాత్రం చూడగానే తెలిసింది. పసిబిడ్డకు జబ్బు చేస్తే సూది కాల్చి కడుపు పక్కన పెట్టే వాతలవి. ఏ పల్లెలోనో ఏ తల్లో ఏడ్చుకుంటూ పెట్టించినవి.

“చూసినావా అమ్మీ ఆ నడుము పాట?” అని అడిగింది, శివజ్యోతికి జడ సర్దుతున్న మేకప్ ఆమెను.

కడప నుంచి పిలిపించిన మనిషి. నలభైకి దగ్గర పడి ఉంటుంది. అంత ఎండలోనూ భుజం నుంచి నడుము దాకా చీరను పిన్నీసులతో బిగించుకుంది.

“చూసినా అవ్వా.”

“ఎట్లా తిప్పిందో చూడు, ఆ సిగ్గుమాలింది! మా ఊరి మొగోళ్లు అన్నం తినేది కూడా మర్చిపోయిరి.”

“ఆ పిల్ల మొగం చూసినావా అవ్వా?”

“మొగం యాడ చూపిచ్చినారు?”

ఆమె జడ కొసకు రబ్బరు బిగించింది.

“పొద్దు పోతాండాది!” అని అరిచాడు సుధీర్. “చీర దించుతారా, ఇంకో పిల్లను పిలిపిచ్చుకోనా?”

శివజ్యోతి కండ్లలో నీళ్లు తిరిగాయి. ఈ పాట కోసం ఆ పిల్ల ఎన్నాళ్లుగా కలవరిస్తోందో భీమక్కకు తెలుసు.

“పోనీలే అవ్వా, దించుకుంటా...”

“నువ్వుండమ్మీ,” అంది మేకప్ ఆమె. సుధీర్ వైపు తిరిగింది. “అన్నా, ఇది పత్తి ఏరే పాట కదా?”

“అయితే?”

“ఏరిన పత్తి యాడ ఏసుకుంటాది? నెత్తిన పెట్టుకుంటాదా?”

సుధీర్ నెత్తి గోక్కున్నాడు.

“ఒడి కట్టల్లన్నా. ఒడి లేకుండా పత్తి ఏరిస్తే, ఈ పక్క జనం కామెంట్లలో నిన్ను ఉతికి ఆరేస్తారు.”

కామెంట్లంటే వానికి భయం.

“సరే, బిరీన కట్టు.”

ఆమె శివజ్యోతి పైట చెంగును నడుము చుట్టూ తిప్పి, ముందుకు తెచ్చి, సంచి మాదిరి ఒడి కట్టింది. అందులో పత్తి కూరింది. ఆటలో జారకుండా పిన్నీసులు గుచ్చబోతే పెట్టెలో ఉన్నవి అయిపోయాయి. తన చీరకున్నవే ఒక్కొక్కటీ తీసి గుచ్చింది.

“నీకొద్దా అమ్మీ?”

“నేనేమన్నా ఆడేదుండాదా అవ్వా?”

పాట మొదలైంది.

సుధీర్ కెమెరా కిందికి దించాడు. పత్తి మూట. పక్కకు తిప్పాడు. అక్కడా పత్తి మూటే. ఏం చేస్తాడు పాపం, పైకి పోక తప్పలేదు.

పైన శివజ్యోతి ముఖం ఉంది. చెమటకు మెరిసే ముక్కుపుల్ల, పాటలో బావను ఎగతాళి చేసే చోట ఎగిరిపడే కనుబొమ్మలు, పెదవి కొసన అణచుకున్న నవ్వు.

కెమెరా ఇక కిందికి రాలేదు.

“ఓయబ్బా!” అన్నాడు సుధీర్. “ఈ పిల్ల కండ్లతో పాడతాండాది కదప్పా! ఇంగోసారి పాడమ్మా. మొగమే తీస్తా.”

భీమక్క కొంగుతో కండ్లొత్తుకుంది.

పొద్దు వాలేసరికి పని ముగిసింది. రోడ్డు మీదికి షేరాటో వచ్చింది. మేకప్ ఆమె పెట్టె చంకన పెట్టుకుంది. భీమక్క వెంటబడి పోయి, ఆమె చేతిలో ఇన్ని వేయించిన శెనక్కాయలు పోసింది.

“నా బిడ్డను బిడ్డ మాదిరి చూపిచ్చినావు తల్లీ. ఆ సిగ్గుమాలిందానికి నీ అట్లాంటిది ఒకతి పక్కనుండింటే, దాని బతుకూ బాగుండు.”

ఆమె ఒక్క క్షణం నిలబడింది.

“అవునవ్వా,” అంది. “ఉండింటే బాగుండు.”

ఆటో పైనున్న కమ్మీ పట్టుకుని ఎక్కింది. పిన్నీసుల్లేని కొంగు గాలికి పక్కకు తొలగింది.

భీమక్క చూపు ఆమె నడుము మీద పడింది. తేరుకునేసరికి ఆటో కదిలిపోయింది.

“ఓ తల్లీ! ఆగు! నీ పేరన్నా చెప్పి పో!”

మోత తప్ప ఏమీ వినబడని ఆమె, అవ్వ సాగనంపుతోందనుకుని తల బయటికి పెట్టి నవ్వింది. నడుము మీద మూడు వాతలున్న ఆ పిల్ల నవ్వితే ఎంత చక్కగా ఉంటుందో, అన్ని ఊళ్ల జనంలో ఒక్క భీమక్కే చూసింది.