ఇటు కొట్టు, అటు కొట్టు

"సాయంత్రం అయిదింటికి పుస్తకం అచ్చుకి తీసుకెళ్లడానికి ప్రెస్సువాళ్లు వచ్చేస్తారమ్మా. ఆ చివరి లైను ఇవాళైనా చెప్పండి," అన్నాడు ఎడిటరు, పోస్టుకార్డుల సంచీని బల్ల మీద బోర్లిస్తూ.

"నేను చెప్పను. అది నాది కాదన్నానుగా," అంది ప్రాసమ్మ.

ఆవిడ అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పాతికేళ్లుగా పిల్లల పుస్తకాలకి ప్రాసలు కడుతోంది కాబట్టి ప్రాసమ్మ. మంచినీళ్లు కూడా ప్రాసలోనే అడుగుతుందని అక్కడి వాళ్ల వేళాకోళం. అలాంటి మనిషి ఒక బొమ్మల పుస్తకం చివర ఒక్క లైను ఖాళీ వదిలేసి, ఎవరెంత బతిమాలినా పూరించనని భీష్మించుకు కూర్చుంది.

పుస్తకం పేరు 'ఇటు కొట్టు, అటు కొట్టు'. ఎదురెదురుగా రెండు తిండి కొట్లు. ఒకదాంట్లో రొట్టెలు, రెండోదాంట్లో కూర. పేజీ తిప్పితే చాలు, దెప్పిపొడుపులే.

*ఇటు కొట్టు రొట్టె మహా మెత్తన,*
*అటు కొట్టు కూర ఒట్టి చప్పన!*

*అటు కొట్టు కూర ఘుమఘుమ ఘాటు,*
*ఇటు కొట్టు రొట్టె పంటికి చేటు!*

ఇలా సాగి సాగి, ఆఖరి పేజీలో 'వానొచ్చె, గాలొచ్చె, కొట్లు రెండూ తడిసె' అని ఉంటుంది. దాని కింద ఖాళీ గీత. 'ఈ లైను మీరే రాసి పంపండి' అని ఆఫీసు చిరునామా. మొదటి ముద్రణకి అదో సరదా. రెండోసారీ ఖాళీయే ఉంచమంది ఆవిడ. మూడోసారికి యజమానికి ఒళ్లు మండింది. పుస్తకం అసంపూర్తిగా అమ్ముతున్నామంటున్నారు జనం, ఇవాళ ఏదో ఒకటి పడాల్సిందే అని తేల్చేశాడు. గీత నిండిపోతే ఇంకెవరూ ఉత్తరం రాయరు. అదే ప్రాసమ్మ భయం.

"ఇది వినండి. 'ఇద్దరి పోట్లాట ఇంతటితో ముగిసె.' తొమ్మిదేళ్ల పిల్లట!"

"బంగారు తల్లి. పక్కన పెట్టు."

"'రొట్టెతో కూర చక్కగా కలిసె.' ఇదింకా బాగుంది."

"అదీ పక్కన పెట్టు."

ఎడిటరు నెత్తి పట్టుకున్నాడు. "నా తలప్రాణం తోకకొస్తోందమ్మా! అసలు మీకు ఎవరు రాస్తే నచ్చుతుంది?"

"అటు కొట్టువాడు రాయాలి."

"అంటే? ఈ కొట్లు నిజంగా ఉండేవా?"

"ఉండకేం? రొట్టెల కొట్టు నాదే."

"మీరు వ్యాపారం చేశారా! ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎవరడిగారు గనక? పొద్దున్నే తడిపి, పిసికి, తట్టి, ఎండలో ఆరబెట్టేదాన్ని. వాడు ఆకులు తరిగి కూర చేసేవాడు. వాడి కూర కంటే నోరే ఘాటు. ఈ ప్రాసల్లో సగం వాడివే బాబూ."

"ఎండబెట్టిన రొట్టెలా? ఎవరు కొనేవాళ్లమ్మా?"

"ఒకే ఒక్క బేరం. ఆవిడే ఇద్దరి దగ్గరా తీసుకునేది. ఎవరిది బాగుందో చెప్పమని చెయ్యి పట్టుకు లాగినా చెప్పేది కాదు, మహాతల్లి," అని నవ్వింది ప్రాసమ్మ.

"మరి కొట్లేమయ్యాయి?"

"పెద్దవాళ్లు మాటామాటా అనుకున్నారు. మధ్యలో మా కొట్లు పోయాయి. నిద్ర లేచి చూస్తే అటు కొట్టు లేదు. చెప్పాపెట్టకుండా ఊరొదిలేశారు. మా నాన్న బతికున్నన్నాళ్లూ వాళ్ల ఊసెత్తనివ్వలేదు. ఎక్కడికెళ్లారో తెలిసినవాడు ఆయనొక్కడే. చెప్పకుండానే పోయాడు."

ఎడిటరు గొంతు తగ్గించాడు. "ప్రేమా అమ్మా?"

"ఛీ, నీ మొహం! రోజూ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం."

అనేసిందే గానీ ఆవిడ కళ్లు తడిశాయి. నలభై ఏళ్లయింది. ఇప్పటికీ రద్దీ బస్సులో, ఆస్పత్రి వరండాలో, తనకంటే కాస్త చిన్నవాడిలా కనిపించిన ప్రతి మగమనిషి మొహంలోనూ వాణ్ణి వెతుక్కుంటూనే ఉంది. ఒకసారైతే ఎవరినో భుజం పట్టి ఆపి, తిట్లు కూడా తింది.

"కొట్టు కట్టేసే వేళకి ఆ చివరి లైను వాడే అనేవాడు," అంది. "అన్నిటికీ ప్రాస కట్టేవాడు గానీ దానికి మాత్రం కట్టేవాడు కాదు. అది వినగానే రొట్టెలన్నీ ఎక్కడివక్కడ వదిలేసి లేచేదాన్ని. ఆ లైను నాకు తెలుసు బాబూ. నేనే రాసేసుకుంటే ఏం లాభం? వాడి పిల్లలైనా ఈ పుస్తకం తెరవకపోతారా, వాడి కంట పడకపోతుందా అని కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాను."

ఎడిటరు తలవంచుకుని కార్డులు చదవసాగాడు. 'మెరిసె' అని ఒకరు, 'మురిసె' అని ఒకరు. గడియారంలో నాలుగున్నర దాటింది. ఒక్కో కార్డూ పక్కకి పోతుంటే ప్రాసమ్మ చూపు కిటికీ వైపుకి మళ్లింది.

"ఇక ఏదో ఒకటి వేసేయ్ బాబూ," అంది చివరికి. "ఆ తొమ్మిదేళ్ల పిల్లదే వేసేయ్."

"ఇంకొక్కటుందమ్మా." ఎడిటరు ఆఖరి కార్డు తిప్పి చూసి విసుక్కున్నాడు. "ఇదేమిటి, ఎవరో ఇంటి ఉత్తరం మనకి పంపేశారు! ప్రాసా లేదు, పాడూ లేదు. ఫోను నంబరుతో సహా చిరునామా మాత్రం నిక్షేపంలా రాశారు. తిప్పి పంపేయనా?"

"ప్రాస లేదా?"

ప్రాసమ్మ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "చదువు బాబూ. ఉన్నదున్నట్టు చదువు."

ఎడిటరు కార్డుని వెలుతురులోకి తిప్పి చదివాడు.

"అక్కా, అమ్మ పిలుస్తోంది, రా!"